పాత ధర చెరగకూడదు: పైథాన్‌కు ఎక్స్ఎంఎల్ పలుకు, మార్పుల చిట్టా నేర్పడం ఎలా?

కొట్టు పద్దు పుస్తకంలో అంకె తప్పు పడితే పెద్దవాళ్లు రబ్బరుతో చెరిపేవారు కాదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం చేసేవారు. కొట్టివేత ఉన్న పుస్తకాన్ని నమ్మొచ్చు, చెరిపివేత ఉన్నదాన్ని నమ్మలేం. మనం రాసే ప్రోగ్రాములు మాత్రం పొద్దస్తమానం చెరుపుతూనే ఉంటాయి. ధర 160 ఉన్నచోట 165 అని రాయగానే 160 జాడ లేకుండా పోతుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అంతకుముందు ఎంత ఉండేది అని అడిగితే ఫైలు దగ్గర జవాబు ఉండదు.

ఈ వ్యాసంలో పైథాన్‌కు రెండు కొత్త అలవాట్లు నేర్పుదాం. మొదటిది, ఎక్స్ఎంఎల్ ఫైల్లోని గడులను (ఎలిమెంట్లను) మామూలు వేరియబుళ్లలా చుక్క పెట్టి పిలవడం. రెండోది, ఏ గడిలో విలువ మారినా పాత విలువ దానంతటదే చిట్టాకు ఎక్కడం. పైథాన్‌లో ఫంక్షను, క్లాసు రాయడం వస్తే చాలు.

ముందు కాస్త వెనక్కి చూద్దాం

ఎక్స్ఎంఎల్‌ను భాషలోనే కలిపేయాలన్న ఆలోచన కొత్తది కాదు. జావాస్క్రిప్టుకు ఈఫోర్ఎక్స్ అనే చేర్పును ఎక్మా సంస్థ 2004లో ప్రమాణంగా ప్రకటించింది. దాంతో ప్రోగ్రాము మధ్యలోనే ఎక్స్ఎంఎల్‌ను నేరుగా రాసి, లోపలి గడిని చుక్కతో అందుకునే వీలు కలిగింది. ఫైర్‌ఫాక్స్ దాన్ని కొన్నేళ్లు మోసి, 2013లో వచ్చిన 21వ వెర్షన్లో తీసేసింది. ఫ్లాష్ వెనకున్న యాక్షన్‌స్క్రిప్ట్ 3లో కూడా అది ఉండేది.

మార్పుల లెక్క సంగతి ఇంకో దారిలో వచ్చింది. ఐబీఎం, బీఈఏ కంపెనీలు కలిసి 2003లో సర్వీస్ డేటా ఆబ్జెక్ట్స్ అనే పద్ధతి తెచ్చాయి. అందులో డేటాతో పాటే 'మార్పుల సారాంశం' ప్రయాణిస్తుంది. ఏ గడి మారింది, మొదట అందులో ఏముంది అన్నది దాన్ని అడిగితే చెబుతుంది. తర్వాత దీన్ని పీహెచ్‌పీకి కూడా ఎక్స్‌టెన్షనుగా తెచ్చారు.

ఈఫోర్ఎక్స్ కథ మనకొక మాట చెబుతుంది. భాష వ్యాకరణాన్నే మారిస్తే, దాన్ని మోసేవాళ్లు అలిసిపోయిన రోజున మన ప్రోగ్రాములు కూలతాయి. అందుకని మనం పైథాన్ వ్యాకరణం జోలికి వెళ్లం. చుక్క పెట్టినప్పుడు ఏం జరగాలో మనమే చెప్పే వీలు పైథాన్ ఇచ్చింది, ఆ వీలునే వాడుకుంటాం.

కావలసినవి

పైథాన్ 3.9 గానీ, ఆ తర్వాతిది గానీ. వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఎక్స్ఎంఎల్ చదివే ఎలిమెంట్‌ట్రీ 2006లో వచ్చిన 2.5 వెర్షను నుంచీ పైథాన్‌తో పాటే వస్తోంది.

కోడ్ గురించి ఒక మాట. ఇంగ్లీషు కీవర్డులను, పైథాన్ సొంత పేర్లను ఇక్కడ పలికినట్టు తెలుగు లిపిలో చూపిస్తున్నాను. వాటిని మీ ఎడిటర్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పట్టీ, సరుకు, తొడుగు, తాను లాంటి తెలుగు మాటలను మాత్రం తెలుగులోనే కొట్టండి. ట్యాగుల పేర్లు తెలుగులో ఉండటానికి ఎక్స్ఎంఎల్ 1998లో పుట్టినప్పటి నుంచీ ఒప్పుకుంటుంది. వేరియబుళ్ల పేర్లు తెలుగులో పెట్టడానికి పైథాన్ 3 ఒప్పుకుంటుంది. 'సెల్ఫ్' అన్నది కూడా అలవాటే గానీ నియమం కాదు, అందుకే దాని బదులు 'తాను' వాడాను.

1వ మెట్టు: పట్టీ రాయండి

కిరాణా కొట్టు ధరల పట్టీ తీసుకుందాం. ఈ కింది దాన్ని 'పట్టీ.ఎక్స్ఎంఎల్' అన్న ఫైల్లో దాచండి. ఎడిటర్లో ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 ఉండాలి.

<పట్టీ>
  <సరుకు సంఖ్య="12">
    <పేరు>కందిపప్పు</పేరు>
    <ధర>160</ధర>
    <నిల్వ>40</నిల్వ>
  </సరుకు>
  <సరుకు సంఖ్య="13">
    <పేరు>చింతపండు</పేరు>
    <ధర>180</ధర>
    <నిల్వ>12</నిల్వ>
  </సరుకు>
</పట్టీ>

ప్రతి సరుకుకూ ఒక సంఖ్య ఇచ్చాం చూడండి. రేపు చిట్టాలో '12వ సంఖ్య సరుకు ధర మారింది' అని రాయాలి. 'మొదటి సరుకు' అని రాస్తే, పైన ఇంకో సరుకు చేరగానే ఆ మాట అబద్ధమవుతుంది.

తెలుగు ట్యాగులతో మరో లాభం ఉంది. ఇంగ్లీషులో ట్యాగు పేరు 'క్లాస్' అనో 'ఫ్రమ్' అనో ఉంటే అది పైథాన్ కీవర్డుతో తగాదా పడుతుంది, చుక్క పెట్టి పిలవలేం. 'ధర'కు ఆ బాధ లేదు.

2వ మెట్టు: మామూలు పద్ధతిలో ఒకసారి చదవండి

ఇంపోర్ట్ ఎక్స్ఎంఎల్.ఈట్రీ.ఎలిమెంట్‌ట్రీ యాజ్ ఈటీ
చెట్టు = ఈటీ.పార్స్("పట్టీ.ఎక్స్ఎంఎల్")
వేరు = చెట్టు.గెట్‌రూట్()
ప్రింట్(వేరు.ఫైండ్ఆల్("సరుకు")[0].ఫైండ్("ధర").టెక్స్ట్)

160 అని వస్తుంది. ఒక్క ధర కోసం ఫైండ్ఆల్, ఫైండ్, టెక్స్ట్ అంటూ మూడు గుమ్మాలు దాటాం. మనకు కావలసింది 'పట్టీ.సరుకు[0].ధర' అంతే.

3వ మెట్టు: తొడుగు తొడగండి

ఎలిమెంట్‌ను మార్చకుండా దాని మీద ఒక తొడుగు వేద్దాం. ఏదైనా వస్తువు మీద చుక్క పెట్టి ఒక పేరు అడిగితే పైథాన్ ముందు తన మామూలు చోట్లలో వెతుకుతుంది. దొరక్కపోతేనే '__గెట్ఆట్ర్__' అనే మెథడ్‌ను పిలుస్తుంది. మన చోటు అదే.

క్లాస్ తొడుగు:
    డెఫ్ __ఇనిట్__(తాను, మూలం, చిట్టా):
        ఆబ్జెక్ట్.__సెట్ఆట్ర్__(తాను, "_మూలం", మూలం)
        ఆబ్జెక్ట్.__సెట్ఆట్ర్__(తాను, "_చిట్టా", చిట్టా)

    డెఫ్ __గెట్ఆట్ర్__(తాను, పేరు):
        ఇఫ్ పేరు.స్టార్ట్స్‌విత్("_"):
            రైజ్ ఆట్రిబ్యూట్ఎర్రర్(పేరు)
        గడులు = తాను._మూలం.ఫైండ్ఆల్(పేరు)
        ఇఫ్ లెన్(గడులు) == 0:
            రైజ్ ఆట్రిబ్యూట్ఎర్రర్(పేరు)
        ఇఫ్ లెన్(గడులు[0]) > 0:
            రిటర్న్ [తొడుగు(గ, తాను._చిట్టా) ఫర్ గ ఇన్ గడులు]
        రిటర్న్ గడులు[0].టెక్స్ట్

ఇందులో మూడు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది, '_మూలం', '_చిట్టా'లను నేరుగా 'తాను._మూలం = మూలం' అని పెట్టలేదు. వచ్చే మెట్టులో '=' గుర్తును మనమే పట్టుకోబోతున్నాం. నేరుగా పెడితే ఆ వలలో మనమే పడతాం. అందుకే ఆబ్జెక్ట్ అనే మూల క్లాసు చేత పెట్టించాం.

రెండోది, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లను గుమ్మం దగ్గరే వెనక్కి పంపేశాం. ఈ తొడుగును ఎవరైనా కాపీ మాడ్యూలుతో కాపీ తీస్తే '__ఇనిట్__' నడవదు, కాబట్టి '_మూలం' ఉండదు. దాన్ని వెతుకుతూ '__గెట్ఆట్ర్__' తనను తానే పిలుచుకుంటూ గానుగెద్దులా తిరుగుతుంది. ఆ రెండు లైన్లూ ఆ తిరుగుడును ఆపుతాయి.

మూడోది, లోపల పిల్లలున్న గడిని అడిగితే ఎప్పుడూ జాబితానే ఇస్తున్నాం, సరుకు ఒక్కటే ఉన్నా సరే. ఒకటుంటే వస్తువు, రెండుంటే జాబితా ఇచ్చే తెలివి మొదట్లో ముద్దుగానే ఉంటుంది. పట్టీలో ఒక్క సరుకే మిగిలిన రోజున మాత్రం మీ 'ఫర్' లూపు బోర్లా పడుతుంది.

ఇప్పుడు పరీక్షించండి:

చిట్టా = []
పట్టీ = తొడుగు(వేరు, చిట్టా)
ప్రింట్(పట్టీ.సరుకు[0].ధర)

160 వస్తే చదవడం అయినట్టే. అది అంకె కాదు, అక్షరాలు అన్నది గుర్తుంచుకోండి. ఎక్స్ఎంఎల్‌లో ఉన్నదంతా రాతే. ఐదు కలపాలంటే 'ఇంట్(పట్టీ.సరుకు[0].ధర) + 5' అనాలి.

4వ మెట్టు: మార్పు జరిగేచోటే రాసుకోండి

మొత్తం పనికి ఆయువుపట్టు ఇదే. చాలామంది కొత్తవాళ్లు 'చిట్టాకురాయి' అని ఒక ఫంక్షను పెట్టి, ధర మార్చిన ప్రతిచోటా దాన్ని పిలుస్తారు. పదిచోట్ల పిలిచి పదకొండోచోట మర్చిపోతారు. తప్పు జరిగేది సరిగ్గా ఆ పదకొండోచోటే. గుర్తుపెట్టుకునే బాధ్యత మనిషి మీద ఉండకూడదు. చుక్క పెట్టి పిలిచిన పేరుకు '=' గుర్తు పడిన ప్రతిసారీ పైథాన్ '__సెట్ఆట్ర్__'ను పిలుస్తుంది. చిట్టాను అక్కడే కూర్చోబెడదాం. పైన ఫ్రమ్ డేట్‌టైమ్ ఇంపోర్ట్ డేట్‌టైమ్ అని ఒక లైను చేర్చి, క్లాసు లోపల ఇది రాయండి:

    డెఫ్ __సెట్ఆట్ర్__(తాను, పేరు, కొత్త):
        గడి = తాను._మూలం.ఫైండ్(పేరు)
        ఇఫ్ గడి ఈజ్ నన్ ఆర్ లెన్(గడి) > 0:
            రైజ్ ఆట్రిబ్యూట్ఎర్రర్(పేరు)
        పాత = గడి.టెక్స్ట్
        కొత్త = స్ట్ర్(కొత్త)
        ఇఫ్ పాత == కొత్త:
            రిటర్న్
        సంఖ్య = తాను._మూలం.గెట్("సంఖ్య")
        వేళ = డేట్‌టైమ్.నౌ()
        తాను._చిట్టా.అపెండ్((గడి, సంఖ్య, పేరు, పాత, కొత్త, వేళ))
        గడి.టెక్స్ట్ = కొత్త

చివరి రెండు లైన్ల వరస చూడండి. ముందు చిట్టాకు, ఆ తర్వాతే గడికి. పుస్తకంలో గీత కొట్టాకే కొత్త అంకె వేసినట్టు.

'ఈజ్ నన్' అని పనిగట్టుకుని రాయడానికి కారణం ఉంది. పొట్టిగా 'ఇఫ్ నాట్ గడి' అని రాయాలనిపిస్తుంది. కానీ ఎలిమెంట్‌ట్రీలో పిల్లలు లేని గడి 'లేనట్టు' లెక్క. 'ధర' గడి కళ్లెదుట ఉన్నా, లోపల వేరే ట్యాగులు లేవు కాబట్టి లేదనే అంటుంది. పైథాన్ 3.12 నుంచి ఇలా రాస్తే హెచ్చరిక కూడా వస్తుంది.

'స్ట్ర్(కొత్త)' కూడా మరవకూడదు. 165 అనే అంకెను అలాగే గడిలో పెడితే అప్పటికి ఏమీ అనదు, ఫైలు దాచేటప్పుడు మొరాయిస్తుంది. ఒకచోట చేసిన తప్పుకు ఇంకోచోట ఎర్రర్ వస్తే వెతుక్కోవడం నరకం.

5వ మెట్టు: వెనక్కి తీసుకోండి

డెఫ్ వెనక్కి(చిట్టా):
    ఇఫ్ లెన్(చిట్టా) == 0:
        రిటర్న్
    గడి, సంఖ్య, పేరు, పాత, కొత్త, వేళ = చిట్టా.పాప్()
    గడి.టెక్స్ట్ = పాత

కందిపప్పు మీద నడిపి చూద్దాం:

పప్పు = పట్టీ.సరుకు[0]
పప్పు.ధర = 165
పప్పు.ధర = 170
వెనక్కి(చిట్టా)
ప్రింట్(పప్పు.ధర)

165 వస్తుంది. ఇంకోసారి 'వెనక్కి' అంటే 160. చివర రాసింది ముందు తీయాలి, అటక మీది సామాను దించినట్టు. మొదటినుంచి తీస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. మొదటి పద్దు 160ని తెచ్చి పెడుతుంది, రెండో పద్దు దాని మీద 165 వేస్తుంది. అంతా వెనక్కి తీసుకున్నామనుకుంటాం, ధర మాత్రం ఐదు రూపాయలు ఎక్కువే ఉంటుంది.

ఇక్కడ తొడుగును తప్పించి, గడిలోనే నేరుగా రాశాం. తొడుగు ద్వారా రాస్తే వెనక్కి తీసుకోవడం కూడా కొత్త మార్పుగా చిట్టాకు ఎక్కుతుంది. అప్పుడు 'వెనక్కి' అన్న ప్రతిసారీ 165, 170 మధ్యే ఊగుతూ ఉంటారు, 160 దగ్గరకు ఎప్పటికీ చేరరు.

6వ మెట్టు: చేర్పులు, తీసివేతలు

విలువ మారడం ఒక్కటే మార్పు కాదు. సరుకు కొత్తగా చేరొచ్చు, ఉన్నది పోవచ్చు. తీసివేతకు చిట్టాలో మూడు సంగతులు కావాలి: తీసేసిన గడి, అది ఎవరి కింద ఉండేది, ఎన్నో స్థానంలో ఉండేది. స్థానం లేకపోతే వెనక్కి తెచ్చినప్పుడు అది పట్టీ చివర తేలుతుంది. స్థానాన్ని తీయకముందే 'లిస్ట్(వేరు).ఇండెక్స్(గడి)' అని కనుక్కోండి. వెనక్కి పెట్టడానికి 'వేరు.ఇన్సర్ట్(స్థానం, గడి)'. చేర్పును వెనక్కి తీయడం సులువు, 'వేరు.రిమూవ్(గడి)' చాలు.

ఎలిమెంట్‌ట్రీలో గడికి తన పైవాడెవరో తెలియదు. కాబట్టి తీసివేత ఎప్పుడూ పైవాడి చేతుల మీదుగానే జరగాలి. ఇది ఇబ్బంది అనిపించిన రోజున ఎల్ఎక్స్ఎంఎల్ అనే లైబ్రరీకి మారండి. లిబ్ఎక్స్ఎంఎల్2 అనే సీ లైబ్రరీ మీద కట్టిన దీనిలో పైవాడిని అడిగే వీలుంది.

7వ మెట్టు: దాచేటప్పుడు జాగ్రత్త

మొదటిసారి తెలుగు ట్యాగుల ఫైలు దాచినప్పుడు నేను 'చెట్టు.రైట్("పట్టీ.ఎక్స్ఎంఎల్")' అని కొట్టి నిశ్చింతగా పడుకున్నాను. మర్నాడు ఫైలు తెరుచుకోలేదు. లోపల చూస్తే 'ధర' ట్యాగు ఉన్నచోట '&#3111;&#3120;' అని ఉంది. ఎన్‌కోడింగు చెప్పకపోతే ఈ 'రైట్' ఆస్కీలో రాస్తుంది, ఆస్కీలో లేని ప్రతి అక్షరాన్నీ ఇలా అంకెగా మారుస్తుంది. రాతలో అయితే అది చెల్లుతుంది, చదివేటప్పుడు మళ్లీ అక్షరమవుతుంది. ట్యాగు పేరులో చెల్లదు. అసలు ఫైలు మీదే రాశాను కాబట్టి వెనక్కి పోయే దారి కూడా లేదు. రెండు తప్పులు, రెండింటికీ మందు ఇది (పైన ఇంపోర్ట్ ఓఎస్ చేర్చండి):

చెట్టు.రైట్("పట్టీ.కొత్త", ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8", ఎక్స్ఎంఎల్_డిక్లరేషన్=ట్రూ)
ఈటీ.పార్స్("పట్టీ.కొత్త")
ఓఎస్.రీప్లేస్("పట్టీ.కొత్త", "పట్టీ.ఎక్స్ఎంఎల్")

ముందు పక్క ఫైల్లో రాయాలి, అది మళ్లీ చదవడానికి వస్తోందో లేదో చూడాలి, వస్తేనే అసలు పేరు ఇవ్వాలి. మధ్యలో కరెంటు పోయినా పాత పట్టీ పదిలంగా ఉంటుంది.

ఇద్దరు ఒకే పట్టీని మారుస్తుంటే చిట్టాలోని పాత విలువ ఇక్కడ ఇంకోలా అక్కరకొస్తుంది. దాచబోయే ముందు ఫైలును మళ్లీ చదవండి. మీ చిట్టాలో 12వ సంఖ్య ధర మొదటి పాత విలువ 160 అని ఉండి, ఫైల్లో ఇప్పుడు 158 ఉంటే, మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. దాని మీద రాసేయకుండా ఆగి అడగండి.

8వ మెట్టు: చిట్టాను నిలబెట్టండి

ఇప్పటిదాకా చిట్టా మెమరీలోనే ఉంది, ప్రోగ్రాము మూస్తే పోతుంది. పట్టీని దాచిన ప్రతిసారీ చిట్టాలోని పద్దులను ఇంకో ఎక్స్ఎంఎల్ ఫైల్లోకి ఎక్కించి, మెమరీలోని జాబితాను ఖాళీ చేయండి. ఒక్కో పద్దు ఇలా ఉంటే చాలు:

<మార్పు సంఖ్య="12" గడి="ధర" పాత="160" కొత్త="165" వేళ="2025-01-14 18:20"/>

ఏ మేరకు దాచాలన్నది మీ అవసరాన్ని బట్టి తేల్చుకోండి. సర్వీస్ డేటా ఆబ్జెక్ట్స్ పద్ధతి లెక్క మొదలైనప్పటి విలువను మాత్రమే ఉంచుకుంటుంది, మధ్యలోని మెట్లను పట్టించుకోదు. డేటాబేసుతో సరిచూసుకోవడానికి అది చాలు. మన చిట్టా ప్రతి మెట్టునూ రాస్తుంది. లెక్కల తనిఖీకి ఇదే కావాలి. ఇంకో మాట. ఒకసారి ఫైలుకెక్కిన పద్దును 'వెనక్కి' పేరుతో తీసేయకండి. ధరను 160కి తేవాలంటే 'పప్పు.ధర = 160' అనండి. అది కూడా ఒక మార్పుగా, దాని వేళతో సహా నమోదవుతుంది.

తరచుగా తగిలే రాళ్లు

ఫైల్లో రాసుకున్న కామెంట్లు దాచాక మాయమైతే కంగారుపడకండి. ఎలిమెంట్‌ట్రీ మామూలుగా చదివేటప్పుడు వాటిని వదిలేస్తుంది. ముఖ్యమైన మాటను కామెంటుగా కాక, 'గమనిక' అన్న గడిగా రాసుకోండి.

కొత్తగా చేర్చిన సరుకు పక్కవాటితో వరస కలవకపోతే, దాచేముందు 'ఈటీ.ఇండెంట్(చెట్టు)' అనండి. 3.9 వెర్షను అడిగింది దీని కోసమే.

తెలుగు పేరు సరిగ్గానే కనిపిస్తున్నా పైథాన్ ఒప్పుకోకపోతే, అక్షరాల మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఉందేమో చూడండి. 'రేట్‌లు' లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు దాన్ని పెడుతుంది. పైథాన్ పేర్లలో అది చెల్లదు. ట్యాగులకు పొల్లు మధ్యలో రాని మాటలు ఎంచుకుంటే గొడవే ఉండదు.

ఊరూ పేరూ తెలియని చోటు నుంచి వచ్చిన ఎక్స్ఎంఎల్‌ను దీనితో తెరవకండి. కొన్ని లైన్ల ఫైలే మెమరీలో ఎన్నో రెట్లు ఉబ్బేలా రాయొచ్చు. అలాంటివాటికి డీఫ్యూజ్డ్ఎక్స్ఎంఎల్ అనే లైబ్రరీ ఉంది.

చివరి పరీక్ష

పట్టీకి ఒక నకలు తీసి పెట్టుకోండి. ధరలను పదిసార్లు మార్చండి, చిట్టా ఖాళీ అయ్యేదాకా 'వెనక్కి' అనండి, ఇంకో పేరుతో దాచండి. రెండు ఫైళ్లనూ చదివి ప్రతి గడినీ పోల్చే చిన్న లూపు రాయండి. ఒక్క గడి తేడా వచ్చినా చిట్టా తప్పు రాస్తోందన్నట్టే. ఈ పరీక్ష నెగ్గేదాకా అసలు పట్టీ మీద ఈ తొడుగు వేయకండి. తప్పు రాసే చిట్టా కంటే చిట్టా లేకపోవడమే మేలు.